నాకంటే ముందే లేచిన భయం

రేపు ఆపరేషను అనగా ముందు రాత్రి నాకొక నిద్రమాత్ర ఇచ్చారు. హెర్నియా, పెద్ద విషయమేమీ కాదు. నా భయం కత్తి గురించి కాదు, ముఖం మీదికి వచ్చే మాస్కు గురించి. ఏడో ఏట టాన్సిల్స్ తీయించడానికి నాంపల్లిలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నలుగురు పట్టుకుని, ఈథరు చల్లిన గుడ్డ ముక్కుకు అదిమారు. అర్ధశతాబ్దం దాటినా ఆ వాసన పోలేదు. మాత్ర వేసుకోగానే హాయిగా నిద్రపట్టింది. తెల్లవారేసరికి భయం నాకంటే ముందే లేచి కూర్చుంది!

కోలుకున్నాక ఒక ఆదివారం పాత పుస్తకాల కోసం నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్ వైపు నడుస్తూంటే లారీగారు గుర్తుకొచ్చారు (సరుకులు మోసే లారీ కాదు, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు). ఆబిడ్స్‌కు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిడ్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్నవాడు. ఆ నిజాం కాలంలోనే, అక్కడికి దగ్గరలోని కోఠీ రెసిడెన్సీకి లారీ సర్జనుగా ఉండేవాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, వైద్య పాఠశాల ఆయన చేతిలో నడిచేవి.

క్లోరోఫాం వాడకం 1847లో ఎడింబరోలో సింప్సన్‌తో మొదలైంది. 1848 జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, ఆ మందు పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది. ఆపరేషనంటే ఆ పిల్ల ముందునుంచీ బెదిరిపోయి ఉందని విచారణలో నమోదైంది. కారణం మీద వాదం నేటికీ తెగలేదు. అయితే ఈ మందు గుండెను హఠాత్తుగా ఆపుతుందన్న భయం మాత్రం వైద్యలోకంలో పాతుకుపోయింది.

లారీ ఆ భయాన్ని మాన్పించ పూనుకున్నాడు. గురువు సైమ్ నేర్పినదే ఆయన మంత్రం: నాడిని కాదు, ఊపిరిని చూడు. 1888లో నిజాం ప్రభుత్వం ఖర్చుతో మొదటి క్లోరోఫాం కమిషను జరిగింది. 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. ప్రధాని ఆస్మాన్ జా వెయ్యి పౌనులిచ్చి, మీ మనిషినే పంపమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అంతటివాడు హైదరాబాదు వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులు ఆ పరీక్షలకు బలయ్యాయి, ఎక్కువగా మన వీధి కుక్కలే. ఊపిరి ఆగాకే గుండె ఆగుతోందని తేల్చారు. బ్రంటన్ కూడా ఒప్పుకున్నాడు.

ఆ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. ఆమెకొక పూర్తి టపా బాకీ.

లారీ ధైర్యం పొరపాటుదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. పిల్లులకు క్లోరోఫాం తేలికగా ఇచ్చి, అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కొట్టుకోవడం మాని గిలగిల వణికి ఆగిపోయేది. అడ్రినలిన్ అంటే బెదిరిన దేహం తనలో తానే ఊర్చుకునేది. అంటే సగం మత్తులో ఉన్న రోగికి తన భయమే ప్రాణాంతకం కావచ్చు! లారీ కళ్ళు వైద్యుల భయం మీదే నిలిచాయి, బల్లమీది మనిషి భయం ఆయన లెక్కలోకి రాలేదు.

భయం చెరిగిపోదని పావ్‌లోవ్ కుక్కలు కూడా సూచించాయి. అణగిందనుకున్న స్పందన కొంత విరామం తర్వాత మళ్ళీ తలెత్తేది. భయం మరవడమంటే పాత పాఠం మీద కొత్త పాఠం రాసుకోవడమే. మెలకువలో ఆ పాఠం నేర్చుకున్నాక పట్టే నిద్ర దాన్ని గట్టిపరుస్తుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. బెంజోడయాజెపైన్ జాతి మాత్రలు ఆ నేర్పుకు అడ్డురావచ్చని కూడా కొన్ని అంటున్నాయి. మాత్రలు మానమని నేననను. ఆ రాత్రి నాకది అవసరమే. కానీ నిద్రపోయింది నేను, నేర్చుకున్నది ఏమీ లేదు.

ఆపరేషను గదిలో మత్తు ఇచ్చే అమ్మాయి నా చేతులు వణకడం చూసి, మాస్కు నా చేతికే ఇచ్చింది. "మీరే పట్టుకోండి అంకుల్, వద్దనిపిస్తే తీసెయ్యండి" అంది. రెండుసార్లు తీశాను. మూడోసారి తీయలేదు. కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళిన రోజు, ఆ మాస్కు ఇంకోసారి చూపించమని అడిగాను. నవ్వి, కొత్తదొకటి తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి మాత్ర లేకుండానే పడుకున్నాను.