బరువే ధర: ఒక యూనివర్సిటీ పాతసామాన్ల కింద అమ్మేసిన పెట్టె కథ

పోస్టు పొడుగే. రాత్రి స్టడీ అవర్ అయినాక తీరిగ్గా చదవండి.

మాది గడివేముల మండలంలో ఒక తండా. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే మా పని పాత ఇనుము ఏరడం. విరిగిన కర్రులు, బోరు పైపు ముక్కలు, సైకిల్ చువ్వలు, ఏది దొరికితే అది. పాతసామాన్ల బండి వచ్చినప్పుడు తూకానికేస్తే ఐసుపుల్లకు డబ్బులొచ్చేవి. బరువైన ముక్క దొరికితే ఆరోజు పండగే. అది ఏం వస్తువు, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగినోళ్లు లేరు. బరువే ధర.

పోయినేడు మా కాలేజీలో పాత ల్యాబు ఖాళీ చేశారు. మోయడానికి హాస్టల్ పిల్లలని పిలిచారు. ఒక పెట్టె మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. "ఇందులో ఏముంది సార్?" అని అడిగా. "పాతదిలేరా, ఎత్తు" అన్నారు. ఎత్తినాం. అందులో ప్రమాదమేమీ ఉండకపోవచ్చు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ తర్వాత లైబ్రరీలో మాయాపురి గురించి చదివినాక అసలు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా.

రేడియేషన్ అనగానే మనకు యురేనియం గుర్తొస్తుంది. 2019లో నల్లమల కోసం ఎంత గొడవ జరిగిందో, మన ఆళ్లగడ్డ దగ్గర యాదవాడలో బోర్లు వేస్తుంటే జనం ఎట్లా ఎదురు నిలిచారో మనలో చాలామందికి తెలుసు. అది భూమిలోంచి వచ్చే భయం. నేను చెప్పేది యూనివర్సిటీ గేటులోంచి లారీ ఎక్కి వచ్చిన భయం.

ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ 1970 ప్రాంతంలో కెనడా నుంచి గామా సెల్ అనే పరికరం తెప్పించింది. లోపల కోబాల్ట్-60 కడ్డీలు, చుట్టూ మందంగా సీసం, మొత్తం కలిపి టన్నుల బరువు. రసాయనాల మీద గామా కిరణాలు పంపి పరీక్షలు చేయడానికి వాడేవాళ్లు. 1985 తర్వాత దాన్ని వాడటం మానేశారు. మూలన పడింది. పాతికేళ్లు అట్లానే ఉంది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామానుతో పాటు దాన్ని కూడా వేలం వేశారు.

అది పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాతసామాన్ల మార్కెట్‌కి చేరింది. అక్కడ పనోళ్లు సీసం కోసం, లోహం కోసం దాన్ని విప్పి కోశారు. కడ్డీలు ముక్కలైనాయి. ఒక వ్యాపారి ఒక ముక్కని పర్సులో పెట్టుకున్నాడు. చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది, వాంతులు. ఏం జబ్బో ఎవరికీ అర్థం కాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆసుపత్రి డాక్టర్లకు అనుమానం వచ్చి చెప్పినాకే అధికారులు మీటర్లు పట్టుకుని మార్కెట్‌కి వచ్చారు. అక్కడ పనిచేసే ఒకాయన ఏప్రిల్ 26న చనిపోయాడు. ఇంకొంతమంది వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. కోబాల్ట్-60 బలం 5 సంవత్సరాల 3 నెలలకు సగం అవుతుంది. 1970 నుంచి 2010 దాకా ఏడుసార్లకు పైగా సగమైంది. అంటే మొదట ఉన్నదాంట్లో నూరో వంతు కూడా మిగల్లేదు. ఆ మిగిలింది చాలు, ఒక ప్రాణం తీయడానికి.

రూల్స్ లేకనా ఇట్లా జరిగింది? కాదు. అదే నాకు బాధ కలిగించింది.

1962లోనే అణుశక్తి చట్టం వచ్చింది. దాని కింద 1971లో రేడియేషన్ రక్షణ నిబంధనలు వచ్చాయి. 1983 నవంబరులో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ పుట్టింది. 1986లో రేడియోధార్మిక పదార్థాల రవాణాకు కోడ్ రాసింది. 1987లో వ్యర్థాలను ఎట్లా వదిలించుకోవాలో నిబంధనలు వచ్చాయి. 2004లో రక్షణ నిబంధనలను కొత్తగా రాశారు. చివరి మూడూ గామా సెల్ మూలన పడి ఉన్న పాతికేళ్లలోనే ఒక్కొక్కటిగా వచ్చాయి. కాగితాలు అచ్చయినాయి, పెట్టె మూలనే ఉంది. రెండూ కలుసుకోలేదు.

ఆ రూల్స్ ఏం చెప్తాయో మన భాషలో చెప్తా. యూనివర్సిటీ అయినా, ఆసుపత్రి అయినా, ఫ్యాక్టరీ అయినా రేడియోధార్మిక మూలకం దగ్గర పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. అర్హత ఉన్న రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. పని అయిపోయినాక దాన్ని అమ్మడానికి లేదు. అనుమతి తీసుకుని, ఇచ్చినవాళ్లకు తిరిగి పంపాలి, లేదంటే ప్రభుత్వం ఒప్పుకున్న చోటుకి చేర్చాలి.

రోడ్డు ఎక్కాలంటే ఇంకా కఠినం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో మొదటిసారి రవాణా నిబంధనలు తెచ్చింది. మన దేశం కోడ్ కూడా ఆ దారిలోదే. వాటి అసలు సూత్రం ఒకటే: డ్రైవర్ జాగ్రత్త మీద ఆధారపడొద్దు, పెట్టే కాపాడాలి. లోపల ఉన్నది ఎంత ప్రమాదమైతే పెట్టె అంత గట్టిగా ఉండాలి. కొంచెం ఉంటే ఎ రకం పెట్టె చాలు. గామా సెల్ లాంటి బలమైనదానికి బి రకం కావాలి. ఆ రకం పెట్టెను 9 మీటర్ల ఎత్తు నుంచి పడేసి చూస్తారు, 800 డిగ్రీల మంటలో అరగంట పెట్టి చూస్తారు. లారీ బోల్తా పడినా, కాలినా లోపలిది బయటికి రాకూడదని ఆ పరీక్షలు.

పెట్టె మీద లేబుల్ ఉండాలి. మూడు రెక్కల గుర్తు, కింద ఎర్ర గీతలు. తెల్ల లేబుల్ మీద ఒక గీత ఉంటే బయటికి వచ్చే రేడియేషన్ చాలా తక్కువ. పసుపు లేబుల్ మీద రెండు గీతలుంటే ఎక్కువ, మూడు గీతలుంటే ఇంకా ఎక్కువ. ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన కార్డు డ్రైవర్ దగ్గర ఉండాలి.

ఇప్పుడు మాయాపురికి పోయిన పెట్టెని చూడండి. కావాల్సిన అనుమతి లేదు, రవాణా పెట్టె లేదు, కార్డు లేదు. వేలం రసీదు ఉంది. లోపల ఏముందో తెలిసిన చదువుకున్నోళ్ల చేతుల్లోంచి, తెలియని కూలోళ్ల చేతుల్లోకి పోయింది. తర్వాత ఆ యూనివర్సిటీలో రేడియోధార్మిక మూలకాల వాడకాన్ని ఏఈఆర్‌బీ నిలిపేసింది. పోయిన మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఇది ఒక్క ఢిల్లీ కథ కాదు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన క్యాన్సర్ క్లినిక్ నుంచి ఇద్దరు సీజియం-137 ఉన్న యంత్రం ముక్కని పాత ఇనుము కింద తీసుకుపోయారు. నలుగురు చనిపోయారు, 249 మందికి ఆ పొడి అంటింది. చీకట్లో నీలంగా మెరుస్తుంటే అందంగా ఉందని చుట్టాలకు పంచారు.

మన దగ్గర కూడా 2019 జనవరిలో రాజమండ్రి నుంచి ఓఎన్‌జీసీ పని కోసం వెళ్తున్న బండిలోంచి సీజియం-137 డబ్బా మాయమైంది. పోలీసులు వెతికితే ఎక్కడ దొరికిందో తెలుసా? కలిదిండిలో పాతసామాన్ల షాపులో. ఢిల్లీ కథ మళ్లీ జరగలేదు, అదృష్టం. కానీ దారి అదే. బ్రెజిల్ అయినా, ఢిల్లీ అయినా, కృష్ణా జిల్లా అయినా, పోయిన రేడియేషన్ చివరికి చేరేది పాత ఇనుము ఏరుకునే మనిషి దగ్గరికే.

ఆ మూడు రెక్కల గుర్తు కూడా ఒక యూనివర్సిటీలోనే పుట్టింది. 1946లో అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ ల్యాబులో గీశారు. చదువుకున్నోళ్లు చదువుకున్నోళ్ల కోసం గీసుకున్న గుర్తు. మా అమ్మకి చూపించా. "ఫ్యాను బొమ్మ" అంది. మా అమ్మ తప్పు కాదు. ఈ సంగతి ప్రపంచానికి కూడా ఆలస్యంగా అర్థమైంది. 2007లో కొత్త గుర్తు తెచ్చారు: ఎర్ర రంగు మీద కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి. దాన్ని మన దేశంతో కలిపి 11 దేశాల్లో జనానికి చూపించి, అర్థమవుతుందో లేదో పరీక్షించారు. ప్రమాదకరమైన పరికరాలను విప్పే మనిషికి లోపల కనపడేలా పెట్టడానికి అది. అక్షరం రానోళ్లను అడిగి గీసిన గుర్తు కాబట్టి నాకు దాని మీద గౌరవం.

నేను సైన్సుకి వ్యతిరేకం కాదు. కోబాల్ట్ కిరణాలతోనే ఎందరికో క్యాన్సర్ వైద్యం అందింది. గొరగనమూడిలో పుట్టి సన్యాసం తీసుకున్న స్వామి జ్ఞానానంద ఆంధ్ర యూనివర్సిటీలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ఆయన పేరుతో అక్కడ ప్రయోగశాలలున్నాయి. రేపు మన తండాల నుంచి, చెంచుగూడేల నుంచి కూడా అట్లాంటి ల్యాబుల్లోకి పోవాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. పోయినాక మన పని పెట్టెలు మోయడం ఒకటే కాకూడదు.

అందుకే మూడు మాటలు. ఒకటి, ఆ రెండు గుర్తులూ ఇంట్లో చూపించండి, ముఖ్యంగా ఇనుము ఏరే పిల్లలకు, పాతసామాన్ల బండి నడిపే మామలకు. రెండు, చిన్నదే అయినా చాలా బరువుగా ఉన్న సీసం డబ్బా, గుర్తున్న డబ్బా కనిపిస్తే ముట్టొద్దు, కొట్టొద్దు, జేబులో వేయొద్దు. దూరం జరగండి. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిగితే రేడియేషన్ నాలుగో వంతుకి పడిపోతుంది. పోలీసులకు చెప్పండి. మూడు, కాలేజీలో ఏదైనా మోయమంటే "ఇందులో ఏముంది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఎత్తకండి.

నేను ఆరోజు ఒక్కసారే అడిగి ఎత్తేశా. ఇంకోసారి అట్లా ఎత్తను.