న్యూగేట్ పిల్లలు, వారి పంతులమ్మ



చెరసాలలో ఉన్నవారిని దర్శించాలని మత్తయి 25వ అధ్యాయం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. వారి పిల్లల గురించి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ పిల్లల చెయ్యి పట్టుకుని జైలుకీ ఇంటికీ మధ్య తిరిగే ఉద్యోగుల గురించైతే అసలు తలంపే రాలేదు, మూడేళ్ళ క్రితం ఒక సాయంకాలం వరకు.

ఆ రోజు మా ఊరికి ఒక ఆరేళ్ళ పాపను తీసుకొచ్చారు. తల్లి జైల్లో ఉంది. పాపకు ఆరేళ్ళు నిండాయి గనుక అమ్మమ్మకు అప్పగించాలి. తీసుకొచ్చిన అమ్మాయి బాలల సంక్షేమం చూసే కార్యాలయంలో కాంట్రాక్టు ఉద్యోగి. పాతికేళ్ళు ఉంటాయేమో. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. సంతకాలయ్యాక ఆ అమ్మాయి మందిరం అరుగు మీద కూర్చుని ఏడ్చింది. "బస్సెక్కిన దగ్గర్నుంచీ మా అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది అయ్యగారూ. అబద్ధం చెప్పలేను, నిజం చెప్పలేను" అంది. "ప్రార్థన చేసుకో తల్లీ, దేవుడు బలమిస్తాడు" అని చెప్పి, టీ ఇప్పించి, చివరి బస్సెక్కించాను. నా పని అయిపోయిందనుకున్నాను.

తరువాత ఎలిజబెత్ ఫ్రై చరిత్రను మళ్ళీ చదువుతుంటే ఆ సాయంకాలం గుర్తొచ్చి సిగ్గేసింది. సెమినరీలో ఆమె గురించి మాకు అరపేజీ పాఠం ఉండేది. ఒంటరిగా సింహాల గుహలోకి వెళ్ళిన దానియేలు లాగా చెప్పారు. చరిత్ర అలా లేదు.

ఫ్రై 1780లో ఇంగ్లాండులోని నార్విచ్‌లో ధనిక కుటుంబంలో పుట్టింది. వారిది క్వేకర్ల సంఘం. 1813లో స్టీఫెన్ గ్రెలెట్ అనే క్వేకరు లండనులోని న్యూగేట్ జైలు చూసి వచ్చి, అక్కడ పసిపిల్లలు ఒంటి మీద సరైన గుడ్డ లేకుండా ఉన్నారని ఆమెతో చెప్పాడు. ఆమె తోటి స్త్రీలను పోగుచేసి, పిల్లలకు బట్టలు కుట్టించి, పట్టుకుని వెళ్ళింది. దాదాపు 300 మంది స్త్రీలు, వారి పిల్లలు నాలుగు గదుల్లో కిక్కిరిసి ఉన్నారు. వండుకోవడం, పడుకోవడం, కొట్టుకోవడం అన్నీ అక్కడే.

ఆ తర్వాత మూడేళ్ళకు పైగా ఆమె అక్కడికి వెళ్ళలేదు. మా పాఠంలో ఈ సంగతి లేదు. ఇంట్లో కష్టాలు వచ్చాయి. 1815లో కూతురు బెట్సీ చనిపోయింది. 1816 చివరలో మళ్ళీ న్యూగేట్ గుమ్మం తొక్కినప్పుడు ఆమె బిడ్డను పోగొట్టుకున్న తల్లి. లోపలి తల్లులతో ఆమె మొదట మాట్లాడింది వారి పాపాల గురించి కాదు, వారి పిల్లల గురించి. పిల్లలకు బడి పెడదామా అని అడిగింది. తల్లులు సంతోషంగా ఒప్పుకున్నారు.

అధికారులు మాత్రం ఇది జరిగే పని కాదన్నారు, ఖాళీ గది లేదన్నారు. ఫ్రై ఖాళీగా ఉన్న ఒక కొట్టు వెదికి సంపాదించింది. పంతులమ్మను తల్లులే ఎన్నుకున్నారు. ఆమె పేరు మేరీ కానర్. గడియారం దొంగిలించిన నేరం మీద లోపలున్న ఖైదీ. సుమారు 30 మందితో బడి మొదలైంది. మేరీ కానర్ ఆ పని నమ్మకంగా చేసింది. ఏడాది దాటాక ఆమెకు క్షమాభిక్ష దొరికింది గాని, అప్పటికే క్షయ పట్టుకుంది. ఎక్కువ కాలం బ్రతకలేదు. జైలులోని పిల్లలకు పాఠం చెప్పిన ఈ స్త్రీ పేరు మన ప్రసంగాల్లో ఎక్కడా వినబడదు.

1817 ఏప్రిల్లో ఫ్రై ఒక సంఘం ఏర్పరచింది. పన్నెండు మంది స్త్రీలు. పదకొండు మంది క్వేకర్లు, ఒకరు పాదిరిగారి భార్య. వంతులు వేసుకుని రోజూ వెళ్ళేవారు. జైలులోనే ఉండి స్త్రీలను చూసుకోవడానికి జీతమిచ్చి ఒక పర్యవేక్షకురాలిని పెట్టారు. ఆ జీతం మొదట తమ చేతుల మీదే భరించారు, తర్వాత నగర పాలకులు కొంత భాగం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ప్రార్థనాపరులైన ఈ స్త్రీలు, పనిచేసే మనిషికి ప్రార్థన చాలుతుందని అనుకోలేదు.

ఎందుకంటే ఆ పని ఎంత భారమో ఫ్రైకి తెలుసు. 1818లో దొంగనోట్ల కేసులో హ్యారియెట్ స్కెల్టన్ అనే స్త్రీకి ఉరిశిక్ష పడితే, తప్పించమని హోంమంత్రి లార్డ్ సిడ్మత్ దాకా వెళ్ళింది. ఆయన వినలేదు సరికదా, ఆమె మీద కోపం పెట్టుకున్నాడు. స్కెల్టన్‌ను ఉరితీశారు. ఫ్రైకి పదకొండు మంది పిల్లలు పుట్టారు. సొంత ఇంటిని నిర్లక్ష్యం చేస్తోందని లోకం ఆమెను నిందించింది. ఆ నిందలో కొంత నిజం ఉందేమోనని నాకనిపిస్తుంది. సేవకుల ఇళ్ళలో ఉన్నవారికి ఈ మాట అర్థమవుతుంది.

మన దేశానికి వస్తే, ఈ పిల్లల విషయంలో పెద్ద తీర్పు మన రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనే కేసు 1994లో వేసినది. సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. బిడ్డ ఆరేళ్ళ వరకు తల్లితో ఉండవచ్చు. తర్వాత తల్లి ఇష్టప్రకారం తగిన మనిషికి అప్పగించాలి, లేదా సంక్షేమ శాఖ సంస్థలో ఉంచాలి. కనీసం వారానికొకసారి తల్లిని చూడనివ్వాలి. లోపల పుట్టిన బిడ్డ జనన ధృవీకరణలో పుట్టిన చోటు జైలని రాయకూడదు. ఆ చివరి మాట చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే తీర్పు నడిచిరాదు. ఆరేళ్ళ పాపను తల్లి చేతుల్లోంచి తీసుకునేది, బస్సులో పక్కన కూర్చునేది, ములాఖత్‌కు మళ్ళీ తీసుకెళ్ళేది ఒక మనిషి. తల్లి దృష్టిలో బిడ్డను లాక్కుపోయేది ఆమే. పాప దృష్టిలోనూ అంతే.

నిర్గమకాండము 17లో మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఆ చేతులను ఎత్తిపట్టుకున్నారని మనం చెప్పుకుంటాం. అంతకు ముందు వారు ఒక రాయి తెచ్చి వేసి, ఆయనను కూర్చోబెట్టారు. ముందు రాయి, తర్వాత చేతులు. ఆ సాయంకాలం నేను ఆ అమ్మాయికి రాయి వేయలేదు. ఉన్న అరుగు మీద నుంచి కూడా లేపి బస్సెక్కించాను.

ఆమె ఫోన్ నంబరు అమ్మమ్మ దగ్గరున్న కాగితం మీద దొరికింది. ఆలస్యంగానైనా ఫోన్ చేశాను. ములాఖత్ ఉన్నరోజు ఊరికి వచ్చి పాపను ఎక్కించుకుని, చూపించి, దింపి, రాత్రికి ఇల్లు చేరాలంటే ఆమెకు తెల్లవారకముందే లేవాలట. ఈ సంగతి స్త్రీల సమాజంలో చెప్పాను. ఇప్పుడు వంతుల ప్రకారం ఇద్దరు సహోదరీలు అమ్మమ్మనీ పాపనీ తీసుకుని జైలు గేటు దాకా వెళ్తున్నారు. ఆ అమ్మాయి నేరుగా అక్కడికే వస్తోంది. ఛార్జీలు సంఘం పెట్టుకుంటోంది.

పోయినసారి ఆమె కూడా పాపతోనే మా ఊరు వచ్చింది. చీకటి పడింది. చివరి బస్సు ఉంది, వెళ్తానంది. మా ఇంటావిడ వెళ్ళనివ్వలేదు. అన్నం పెట్టి, మంచం వేసింది. ఆ రాత్రి ఆమె చాలాసేపు మాట్లాడింది. నేను ఒక్క వాక్యం కూడా చెప్పకుండా విన్నాను.