రైలు స్టేషను గడియారము

గడియలు, విఘడియలు మీకు క్రొత్త కావు. అహోరాత్రమునకు 60 గడియలు. గడియకు నేటి లెక్కను 24 నిమిషములు. సూర్యోదయము మొదలుకొని ఆ లెక్క సాగును. కావున ఏ యూరి ప్రొద్దు ఆ యూరిదే. తూర్పున ముందుగను, పడమట వెనుకగను ప్రొద్దు పొడుచునని మన జ్యోతిష్కులెఱిగి, ఉజ్జయినీ రేఖ మూలముగా దేశాంతర సంస్కారము చేసి పంచాంగములు గుణించిరి. ఒక్కొక్క రేఖాంశమునకు 4 నిమిషముల భేదము. మద్రాసున మిట్టమధ్యాహ్నమగునప్పటికి విశాఖపట్టణమున సుమారు 12 నిమిషములు దాటియుండును. హైదరాబాదున ఇంకను 7 నిమిషములు కావలసియుండును. ఎడ్లబండిలో పోవువానికి ఈ భేదముతో నిమిత్తము లేదు.

రైలుబండికి నిమిత్తము కలిగెను. దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల బండి 1856 జూలై 1వ తేదీన మద్రాసులోని రాయపురమునుండి వాలాజారోడ్డునకు నడచెను. ఒకే దారిపై రెండు బండ్లు ఎదురెదురుగా రావలెనన్న, ఒకటి స్టేషనులో ప్రక్కకు తొలగి రెండవదానికి త్రోవ ఇయ్యవలెను. ఇచ్చటి గడియారమొకటి, అచ్చటి గడియారము మఱియొకటి చెప్పినచో వేళల పట్టిక వ్యర్థము, ప్రాణములకే ముప్పు. స్టేషను గడియారము ప్రయాణికుని సౌకర్యముకంటె ముందు ఈ రక్షణకొఱకే అవసరమైనదని నా తలంపు.

అయితే అన్ని గడియారములకు ఏ యూరి వేళ పెట్టవలెను? మద్రాసున కంపెనీవారు 1792లో నక్షత్రశాల కట్టించియుండిరి. అందలి రాతిస్తంభముపై తెలుగున కూడ శాసనము చెక్కించిరి. ఆ శాలలో నక్షత్రముల గమనమునుబట్టి నిర్ణయించిన వేళను తంతిద్వారమున స్టేషనులకు తెలుపుచుండిరి. మద్రాసు వేళకు బొంబాయి సుమారు అరగంట వెనుక, కలకత్తా సుమారు అరగంట ముందు. రెండు మహానగరములలో దేనికిని పెద్దఱికమీయక నడుమనున్న వేళను గ్రహించుట లౌక్యమే! 19వ శతాబ్దపు చివరిభాగమున దేశములోని రైళ్లు చాలవఱకు మద్రాసు వేళకే నడచెను. బొంబాయివాడు తన నగరపు గడియారమును నమ్మి స్టేషనునకు వచ్చెనా, అతడెక్కవలసిన దూరపు బండి అరగంట క్రిందటనే పోయియుండును.

జేబుగడియారము ధనికుల సొత్తైన ఆ దినములలో కూలివానికిని జమీందారునకును ఒకే వేళను ఉచితముగా చూపినది ఈ గోడగడియారము. అక్షరము రానివాడును ముండ్ల నిలుకడనుబట్టి బండివేళ పోల్చుకొనగలడు. ప్లాటుఫారము కప్పునుండి వ్రేలాడు గడియారములకు ఇరుప్రక్కల ముఖములుంచుట, ఎటునుండి పరుగెత్తి వచ్చువానికైనను కనబడుటకే. వేళ ఎంతయని దొరగారినో గుమాస్తానో బతిమాలవలసిన పని తప్పినది. నాకు దీనియందు మక్కువ కలుగుటకు ఇదియే ముఖ్యకారణము.

1906 జనవరి 1వ తేదీనుండి గ్రీనిచ్చికి 5½ గంటలు ముందుండు వేళ దేశమంతటికి ప్రమాణమాయెను. దాని రేఖ, అనగా 82½ అంశల తూర్పురేఖ, మన కాకినాడకు సమీపముననే పోవును. మద్రాసు గడియారములు 9 నిమిషములు ముందునకు జరిగెను. కలకత్తా మాత్రము తన పాతవేళను 1948 వఱకును, బొంబాయి 1955 వఱకును విడువలేదు. అన్నినాళ్లును బొంబాయి వీధులలో వేళ చెప్పినవానిని "ఏ వేళ, నగరపుదా, రైలుదా?" అని మరల అడుగవలసియుండెను.