శాకరిన్: భద్రతా వివాదాల చరిత్ర

శాకరిన్ చక్కెరకన్నా సుమారు 300 నుంచి 500 రెట్లు తియ్యగా ఉండే కృత్రిమ తీపి పదార్థం. వాడుకలో ఉన్న కృత్రిమ తీపి పదార్థాలన్నిటిలో ఇదే పాతది. లాటిన్ మాట ‘సాకరమ్’ నుంచి దీనికి ఈ పేరు వచ్చింది. ఆ మాటకు మూలం సంస్కృత ‘శర్కర’. మన ‘చక్కెర’ కూడా ఆ వంశంలోదే. ఈ చుట్టరికం పేరుకీ రుచికీ పరిమితం. శాకరిన్ శరీరానికి శక్తినివ్వదు. దాదాపుగా ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది వరమైంది ఈ గుణం వల్లే. అయినా నూరేళ్లకు పైగా దీన్ని అనుమానాలు వెంటాడాయి.

ఆవిష్కరణ

1879లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఐరా రెమ్సెన్ ప్రయోగశాలలో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ తారు నుంచి వచ్చే రసాయనాల మీద పని చేస్తున్నాడు. ఒక సాయంత్రం భోజనానికి కూర్చుని రొట్టె ముక్క నోట పెట్టుకుంటే విపరీతమైన తీపి తగిలింది. ఆ తీపి రొట్టెది కాదు, సరిగా కడుక్కోని తన చేతిది. వెంటనే ప్రయోగశాలకు తిరిగివెళ్లి, బల్ల మీది పాత్రల్లో ఉన్నవన్నీ రుచి చూసి, తీపి ఎక్కడిదో పట్టుకున్నాడు. పరిశోధన ఫలితాన్ని ఇద్దరూ కలిసి ప్రకటించారు. తరువాత ఫాల్‌బెర్గ్ పేటెంట్లు తన పేరనే తీసుకుని జర్మనీలో ఉత్పత్తి మొదలుపెట్టడంతో ఇద్దరి మధ్య బంధం తెగిపోయింది.

తొలి వివాదం

అమెరికాలో 1906లో ఆహార, ఔషధ శుద్ధత చట్టం వచ్చింది. దాని వెనుక ప్రధాన శక్తి అయిన ప్రభుత్వ రసాయనవేత్త హార్వే వైలీ శాకరిన్‌ను గట్టిగా వ్యతిరేకించాడు. డబ్బాల్లో అమ్మే మొక్కజొన్న గింజల్లో దీన్ని కలుపుతున్నారనీ, చక్కెర అనుకుని కొన్నవారు మోసపోతున్నారనీ, ఆరోగ్యానికి హాని కూడా అనీ 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఎదుటే వాదించాడు. వైద్యుడి సలహాతో రోజూ శాకరిన్ వాడుతున్న రూజ్‌వెల్ట్‌కు ఆ మాట కోపం తెప్పించింది. విషయం తేల్చడానికి నియమించిన నిపుణుల మండలికి అధ్యక్షుడు ఐరా రెమ్సెనే.

రోజుకు 0.3 గ్రాములకు మించకపోతే శాకరిన్‌తో హాని లేదని మండలి తేల్చింది. అయినా 1912లో సాధారణ ఆహారంలో దీని వాడకాన్ని ప్రభుత్వం అడ్డుకుంది. చక్కెర స్థానంలో దీన్ని కలిపితే ఆహారం నాణ్యత తగ్గుతుందన్నది అందుకు చెప్పిన కారణం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చక్కెర కరువై శాకరిన్ వాడకం మళ్లీ పెరిగింది.

క్యాన్సర్ భయం

అమెరికా 1969లో సైక్లమేట్ అనే మరో తీపి పదార్థాన్ని నిషేధించాక డైట్ కూల్‌డ్రింకులకు శాకరినే దిక్కయింది. 1977లో కెనడా పరిశోధకులు, శాకరిన్ ఎక్కువ మోతాదులో తిన్న మగ ఎలుకల మూత్రాశయంలో కణితులు వచ్చాయని ప్రకటించారు. ఆ ఎలుకల మేతలో 5 శాతం శాకరినే. కెనడా ఆహారంలో దీన్ని నిషేధించింది. అమెరికాలోనూ నిషేధం ప్రతిపాదించగా, మధుమేహ రోగులు సహా జనం తీవ్రంగా వ్యతిరేకించారు. దాంతో ఆ ఏడాదే చట్టసభ నిషేధాన్ని వాయిదా వేసి, ప్యాకెట్ల మీద క్యాన్సర్ హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

తరువాతి పరిశోధనల్లో అసలు కారణం బయటపడింది. మగ ఎలుక మూత్రంలో ప్రొటీన్, కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కువ. భారీ మోతాదులో సోడియం శాకరిన్ చేరినప్పుడు అక్కడ సన్నని నలుసులు ఏర్పడతాయి. అవి మూత్రాశయం లోపలి పొరను ఒరుసుకుంటూ దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాల స్థానంలో కొత్తవి పదేపదే పుట్టే క్రమంలో కణితి ఏర్పడుతుంది. మనిషి మూత్రంలో ఈ పరిస్థితి ఉండదు. 1999లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషుల్లో క్యాన్సర్ కారకమని వర్గీకరించలేని పదార్థాల జాబితాలోకి శాకరిన్‌ను మార్చింది. 2000లో అమెరికా హెచ్చరికను ఎత్తేసింది. 2014లో కెనడా మళ్లీ అనుమతించింది.

తెలుగు నేలపై

ఎండాకాలం సైకిల్ వెనక పెట్టెలో ఊళ్లలోకి వచ్చే పుల్ల ఐసుకు శాకరిన్ తీపి పాత పరిచయమే. ఐసు చప్పరించాక నాలుక మీద మిగిలే సన్నని చేదు దాని ఆనవాలు. తెలంగాణలో కల్తీ కల్లు తయారీలోనూ మత్తుమందులతో పాటు తీపి కోసం దీన్ని కలుపుతుంటారు. అక్కడ ప్రాణం మీదికి తెచ్చేది మత్తుమందు. శాకరిన్ ఆ ద్రవానికి కల్లు రుచి తెచ్చి మోసాన్ని కప్పిపెడుతుంది. ఏం తాగుతున్నామో తాగేవాడికి తెలియకపోవడం అసలు అన్యాయమన్న వైలీ అభ్యంతరం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నేటి అవగాహన

ఆహార సంకలితాలపై అంతర్జాతీయ నిపుణుల సంఘం 1993లో రోజువారీ పరిమితిని శరీర బరువు కిలోకు 5 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. 60 కిలోల మనిషికి అది 300 మిల్లీగ్రాములు, అంటే రెమ్సెన్ మండలి చెప్పిన 0.3 గ్రాములే. తీపిలో అది కనీసం 90 గ్రాముల చక్కెరకు సమానం. 15 కిలోల పిల్లవాడికి పరిమితి 75 మిల్లీగ్రాములే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2024లో తన పరిమితిని కిలోకు 9 మిల్లీగ్రాములకు పెంచింది.

భద్రత, ప్రయోజనం వేరువేరు ప్రశ్నలు. బరువు తగ్గడం కోసం చక్కెర లేని తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది.

శాకరిన్‌కు దక్కిన నిర్దోషిత్వం తూచి వాడిన శాకరిన్‌కే చెల్లుతుంది. ప్యాకెట్ మీద పేరూ పరిమాణమూ ఉన్నచోట ఆ భరోసా ఉంది. పుల్ల ఐసు బకెట్లో చిటికెలతో వేసే పొడికి ఆ భరోసా లేదు. అక్కడ తినేది ఎక్కువగా పిల్లలు, వాళ్ల పరిమితేమో పెద్దవాళ్ల దాంట్లో పావు వంతు.