కుందేలు పేగు చెప్పిన కలరా కథ

కలరా క్రిమిని ఫ్లారెన్స్‌లో ఇటలీ శాస్త్రవేత్త పచీని 1854లోనే సూక్ష్మదర్శినిలో చూశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఈజిప్టులో మొదలుపెట్టిన అన్వేషణను జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో ముగించి, రోగానికి కారణం ఆ క్రిమేనని తేల్చారు. అయితే అది మనిషిని ఎలా చంపుతుందో తెలియడానికి ఇంకో 75 ఏళ్లు పట్టింది. ఆ ముడి విప్పింది హుగ్లీ జిల్లాలో పుట్టిన బెంగాలీ వైద్యుడు శంభునాథ్ డే.

కలరా విషం రక్తంలో చేరి చంపుతుందని చాలామంది నమ్మిన రోజులవి. డే పేగు వైపు చూశారు. కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు కొసలా దారంతో బిగించి, లోపలికి క్రిములను ఎక్కించారు. ఆ ముక్క నీటితో ఉబ్బిపోయింది. 1959లో, అప్పుడు కలకత్తా మెడికల్ కాలేజీలో ఉన్న ఆయన, క్రిములను పూర్తిగా వడగట్టేసి మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా పేగు ఉబ్బుతుందని నిరూపించారు. అంటే ప్రాణం తీసేది క్రిమి వదిలే విషం. అది పేగు గోడను చీల్చదు. ఒంట్లోని ఉప్పునూ, దాని వెంట నీటినీ పేగులోకి తోడేస్తుంది. రోగం ముదిరితే గంటకు లీటరు దాకా పోతుంది.

నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించారు. బహుమతి రాలేదు. 1985లో డే కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాలు ఆయనకింకా బాకీ ఉన్నాయి.

పేగు గోడ చెక్కుచెదరదు కాబట్టే ఓఆర్‌ఎస్ (నోటితో తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణం) పనిచేస్తుంది. గ్లూకోజు తోడుంటే ఆ పేగే ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకుంటుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి కలరా బారినపడిన శరణార్థులతో సరిహద్దులోని బన్‌గావ్ ఆస్పత్రి నిండిపోయింది. నేలమీదే రోగులు. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి డ్రమ్ముల్లో నింపించారు. రోగుల బంధువులే గ్లాసులతో ముంచి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు అక్కడ 3.6 శాతానికి దిగాయి.

ఇక కలరా టీకా కథలో హైదరాబాద్ ఉంది. శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన నోటి టీకా శాంకాల్, కోల్‌కతా బస్తీల్లో జరిపిన పరీక్షలో ఐదేళ్లపాటు 65 శాతం రక్షణ ఇచ్చింది. 2023 ముగిసేసరికి దాని తయారీ ఆగిపోయింది. అప్పటికే ప్రపంచమంతా టీకా కరువు. 2022 అక్టోబరు నుంచే, కలరా చెలరేగిన చోట్ల రెండు మోతాదులకు బదులు ఒక్కటే వేస్తున్నారు. 2024లో హైదరాబాద్ నుంచే భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను తెచ్చింది. ఈ కబురు నాకెంతో ఊరట.

1961లో ఇండోనేషియాలో మొదలైన ఏడో కలరా మహమ్మారి నేటికీ ముగియలేదు. సూడాన్‌లో 2024 నుంచి లక్షమందికి పైగా కలరా సోకింది. 2025 మేలో ఖార్టూమ్ విద్యుత్ కేంద్రాల మీద డ్రోన్ దాడులు జరిగి నీటిశుద్ధి నిలిచిపోయింది. దొరికిన నీళ్లే తాగిన జనం ఆస్పత్రులకు పోటెత్తారు.