కార్తెలు, పాదులు, వరుగులు: తెలుగు పెరటి తోట చారిత్రక ఆధారాలపై ఒక పరిశీలన

తెలుగు ప్రాంతాల వ్యవసాయ చరిత్ర ప్రధానంగా చెరువులు, కాలువలు, భూమిశిస్తు చుట్టూ అల్లుకున్నది. ఇంటి వెనుక నాలుగు పాదులు పెట్టుకున్న జాగా అందులో అరుదుగా కనిపిస్తుంది. పెరడు అల్పమైనది కావడం దీనికి కారణం కాదు; కారణం ఆధారాల స్వభావంలో ఉన్నది. మద్రాసు రాజధానిలో గ్రామనత్తం సాగుభూమివలె శిస్తుకు లోబడలేదు. శిస్తు లేనందున అక్కడ ఏమి పండినదో కరణం లెక్కకు ఎక్కలేదు. పైగా ఆ శ్రమలో అధికభాగం స్త్రీలది. అందువల్ల పెరటి చరిత్రకు కావ్యాన్ని, పంచాంగాన్ని, నోములను ఆశ్రయించక తప్పదు.

16వ శతాబ్దపు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం ఋతువును బట్టి మారుతుంది. వేసవిలో పలుచని అంబలి, మజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి, ఆవఘాటు. వానకాలంలో పప్పు, కూరలతోపాటు వరుగులు, వడియాలు. విమర్శకులు దీనిని రాయల లోకపరిశీలనకు నిదర్శనంగా చూపుతారు. అయితే ఇందులోని వరుగు విడిగా పరిశీలించదగినది. మృగశిరలో గింజ పెట్టిన బీర, సొర కాపుకు రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఆ లోటును పూడ్చేది ముక్కలుగా కోసి ఎండబెట్టిన కాయ. పాదులను మాడ్చే ఎండే ఆ కాయను నిలవచేసింది. కథాస్థలం శ్రీవిల్లిపుత్తూరే అయినా, ఈ వంటిల్లు తెలుగువారికి పరాయిది కాదు.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు 13, 14 రోజుల కాలం. చాంద్రమాన తిథులు ఏటా ముందువెనుకలవుతాయి; సౌరమానానికి చెందిన కార్తెలు దాదాపు అవే తేదీలకు వస్తాయి. విత్తేవారికి కావలసినది ఈ స్థిరత్వమే. మే చివర రోహిణి, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. చిక్కుడు సంగతి మరింత ఆసక్తికరం. నాటు చిక్కుడు పగటి నిడివి తగ్గితేగాని పూతకు రాదు. ముందుగా నాటినా తీగ మాత్రమే సాగుతుంది. మాఘంలో రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులలో పరమాన్నం నివేదించే ఆచారం ఈ కాపుకాలానికి సరిపోతుంది. దానిని సూర్యారాధన ప్రతీకగా మాత్రమే చదవడం అసంపూర్ణమని నా అభిప్రాయం.

ఈ పెరటిని 'అనాది' అనడమూ సరికాదు. రాయల విస్తరిలో కారం మిరియానిది. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ద్వారా ఇక్కడికి చేరింది. జామ, బొప్పాయి, సీతాఫలం పుట్టిల్లూ ఆ ఖండమే. టమాటా కొన్నిచోట్ల రామములగ అయింది. ఈ కొత్తవాటికి పాత కార్తెలలోనే చోటు దొరికింది. వాటిలో ఏ గింజను బూడిద కలిపి కుండలో దాచాలో, ఏ కాయను విత్తనానికి తీగమీదనే వదలాలో నిర్ణయించినవారి పేర్లు ఏ దస్త్రంలోనూ లేవు. వారి కోడళ్లు, మనుమరాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. గ్రామాలలో మౌఖిక చరిత్ర సేకరించే పరిశోధకులు నీటివసతి, పంటల వివరాలతోపాటు వారిని ఈ విత్తనాల గురించీ అడగవలసి ఉన్నది.