పాత పలుకు, క్రొత్త యర్థము

ప్రభుత్వము ఒక శాసనమును సవరించునపుడు, పాత శాసనము క్రింద జరిగిన కార్యములు చెల్లునని ఒక నిబంధన చేర్చుట వాడుక. అది లేనిచో నిన్నటి న్యాయము నేటి నేరమగును. యంత్రములకు నేర్పిన భాషలకును ఈ చిక్కు తప్పలేదు. బ్రిటనులో ఇండ్లకును బడులకును చేరిన ఒక చిన్న కంప్యూటరు చరిత్రయే ఇందులకు నిదర్శనము.

1981 డిసెంబరులో కేంబ్రిడ్జిలోని ఎకార్న్ సంస్థ బి.బి.సి. మైక్రోను విడుదల చేసెను. ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పుటకు బ్రిటిషు ప్రసార సంస్థ తలపెట్టిన ప్రయత్నములో అది భాగము. అందలి బేసిక్ భాషను రచించినది సోఫీ విల్సన్. ఆ భాష 16 కిలోబైట్ల రోమ్ చిప్పులో నిక్షిప్తమై యుండెను. మార్చవలెనన్న చిప్పునే ఊడదీసి వేరొకటి అమర్చవలెను. కావున మొదటి కూర్పు గల యంత్రములును, 1982 నాటి రెండవ కూర్పు గల యంత్రములును ఏకకాలమున వాడుకలో నుండెను. పైకి రెండును ఒక్కటే. యంత్రమును వెలిగించి రిపోర్ట్ అను ఆజ్ఞ నిచ్చినచో తెరపై కనబడు సంవత్సరమే వాని గుర్తు.

మొదటి కూర్పులో ఓపెనిన్ అను మాట ఫైలును చదువుటకును వ్రాయుటకును తెరచుచుండెను. రెండవ కూర్పున ఆ అధికారమును విభజించిరి. ఓపెనిన్ చదువుటకు మాత్రమే; రెండు పనులకును ఓపెనప్ అను క్రొత్త మాట వచ్చెను. మరి పాత ప్రోగ్రాముల గతి యేమి?

బేసిక్ తన పదములను అక్షరములుగా గాక సంఖ్యలుగా దాచును. పాత ఓపెనిన్ సంఖ్య 173. క్రొత్త కూర్పున ఆ 173ను ఓపెనప్‌నకు ఇచ్చి, సవరించిన ఓపెనిన్‌నకు 142 కేటాయించిరి. అందుచే డిస్కుపై భద్రపరచిన పాత ప్రోగ్రాము క్రొత్త యంత్రములో మునుపటివలెనే ఫైలును తెరచెను. లిస్ట్ ఆజ్ఞతో చదివినచో మాత్రము, ఓపెనిన్ అని వ్రాసిన చోట ఓపెనప్ అని కనబడెడిది. మాట మారినను పని మారలేదు.

అయితే ఈ రక్షణ కాగితమునకు వర్తింపలేదు. ఆ దినములలో ప్రోగ్రాములు పుస్తకములలోను పత్రికలలోను అచ్చగుచుండెను. పిల్లలు వానిని చూచి టైపు చేసికొనెడివారు. పాత ప్రోగ్రామును అక్షరము తప్పక దింపుకొన్నను, క్రొత్త యంత్రము ఓపెనిన్‌ను 142గానే గ్రహించును. డిస్కు ఫైలులో వ్రాయబోగా నిరాకరించును. ఇచ్చట మాట మారలేదు, పని మారినది. దోషము టైపు చేసిన పిల్లవానిది కాదు.

1984–85లో మన కేంద్ర విద్యాశాఖయు ఎలక్ట్రానిక్స్ శాఖయు కలసి 'క్లాస్' అను పేర పాఠశాలలలో కంప్యూటరు విద్య నారంభించినపుడు ఎన్నుకొన్న యంత్రము బి.బి.సి. మైక్రోయే. ఆ కాలపు ప్రోగ్రాములను నేడు భద్రపరచువారు కాగితముపై నున్న మాటలను మాత్రమే కాపాడిన చాలదు. అవి ఏ కూర్పునకు వ్రాసినవో ఆ గుర్తును కూడ కాపాడవలెను. శాసనమునకు తేదీ యెంతటిదో ప్రోగ్రామునకు కూర్పు అంతటిది.